జేపెగ్, రా, ఎక్సిఫ్: ఫోటో ఫార్మాట్ల పేర్లలో ఏవి పెద్ద అక్షరాలు, ఏవి చిన్నవి?

ముద్రణప్రతి (ప్రశ్న)

డిజిటల్ ఫోటోగ్రఫీ మీద తెలుగులో ఒక చేతిపుస్తకానికి ప్రూఫులు దిద్దుతున్నాం. అధ్యాయాలు తలా ఒకరు రాసినవి కావడంతో ఒకే పేరు నాలుగు రకాలుగా కనిపిస్తోంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నచోట జేపెగ్‌ను ఒకరు నాలుగు పెద్ద అక్షరాలతో, ఇంకొకరు ఇ తీసేసి మూడు అక్షరాలతో, మరొకరు మొదటి అక్షరం మాత్రమే పెద్దది చేసి రాశారు. రా ఫైళ్ల విషయంలో మూడు అక్షరాలూ పెద్దవే వాడారు. అది సంక్షిప్త నామమైతే పూర్తి పేరు ఏమిటి? ఎక్సిఫ్, వెబ్‌పీ, హెచ్ఈఐసీ కూడా ఇలాగే కలగాపులగంగా ఉన్నాయి. హెచ్ఈఐఎఫ్, హెచ్ఈఐసీ ఒకటేనా?

తెలుగు లిపిలో రాసిన చోట ఇంకో చిక్కు. మనకు పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడాయే లేదు కదా, అక్కడ ఏ పద్ధతి పాటించాలి?

ఇదే పుస్తకానికి వెబ్‌సైటు కూడా ఉంది. సొంత కంప్యూటర్‌లో బాగా కనిపించే బొమ్మలు కొన్ని సర్వర్‌లోకి ఎక్కించాక కనిపించడం లేదు. ఎక్స్‌టెన్షన్‌లోని అక్షరాల సైజుకూ దీనికీ సంబంధం ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పండి.

అక్షరశుద్ధి

మూడు వేర్వేరు సంగతులను ఒకే పేరుతో పిలవడం దగ్గరే ఈ గందరగోళమంతా మొదలవుతుంది. ఫార్మాట్ పేరు ఒకటి. ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే ఎక్స్‌టెన్షన్ ఇంకొకటి. మామూలు ఇంగ్లీషు మాట మరొకటి. వాక్యంలో ఉన్నది ఈ మూడింటిలో ఏదో ముందు తేల్చుకోండి, అక్షరం పెద్దదా చిన్నదా అన్నది దాన్నిబట్టే తేలిపోతుంది.

జేపెగ్ ఫార్మాట్ పేరు. జాయింట్ ఫోటోగ్రాఫిక్ ఎక్స్‌పర్ట్స్ గ్రూప్ అనే నిపుణుల సంఘం 1986లో ఏర్పడింది, దాని పేరే ప్రమాణానికీ అతుక్కుపోయింది. ప్రమాణం 1992లో ఆమోదం పొందింది. నాలుగు మాటల తొలి అక్షరాలు కాబట్టి జె, పి, ఇ, జి నాలుగూ పెద్దవే, మధ్యలో చుక్కలు అక్కర్లేదు. ఇ లేని మూడక్షరాల రూపం ఎక్స్‌టెన్షన్ మాత్రమే. ఎంఎస్-డాస్ రోజుల్లో ఫైలు పేరుకు ఎనిమిది, ఎక్స్‌టెన్షన్‌కు మూడు అక్షరాలే చోటు. నాలుగో అక్షరం పట్టక ఇ రాలిపోయింది. జేపీజీ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలుకూ జేపీఈజీ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలుకూ లోపల రవ్వంత తేడా లేదు. అందుకే "జేపీజీలో నాణ్యత తక్కువ, జేపెగ్‌లో ఎక్కువ" లాంటి వాక్యం ఏ అధ్యాయంలోనైనా దొరికితే కొట్టేయండి. ఒకే సంగతిని రెండు రకాలుగా రాస్తే, చదివేవారు రెండు ఫార్మాట్లు ఉన్నాయని నమ్మేస్తారు. స్పెల్లింగ్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే.

టిఫ్‌దీ అదే కథ. ఆల్డస్ సంస్థ 1986లో తెచ్చింది, 6.0 కూర్పు 1992లో వచ్చింది, ఆల్డస్ అడోబీలో కలిశాక హక్కులు అడోబీకి వెళ్లాయి. ఫార్మాట్ పేరులో టి, ఐ, ఎఫ్, ఎఫ్ నాలుగూ పెద్ద అక్షరాలు. ఎక్స్‌టెన్షన్‌లో ఒక ఎఫ్ ఉన్నా రెండున్నా చెల్లుతుంది. ఫార్మాట్ పేరులో మాత్రం రెండో ఎఫ్ వదిలేయకూడదు. పూర్తి పేరు మొదట్లో ట్యాగ్ అనీ ట్యాగ్డ్ అనీ రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి, పుస్తకమంతటా ఏదో ఒకటి ఉంచండి.

ఇక రా. ఇది సంక్షిప్త నామం కాదు, దానికి పూర్తి పేరంటూ లేదు. పచ్చిది, వండనిది అన్న అర్థం వచ్చే మామూలు ఇంగ్లీషు విశేషణం. సెన్సర్ ఇచ్చిన లెక్కలు ఇంకా బొమ్మగా మారకముందు ఉన్న స్థితిని ఆ మాట చెబుతుంది. పైగా రా అనేది ఒక ఫార్మాట్ కూడా కాదు, ఒక కోవ. నికాన్‌వి ఎన్ఈఎఫ్, కెనాన్‌వి సీఆర్2, 2018 నుంచి సీఆర్3, సోనీవి ఏఆర్‌డబ్ల్యూ, ఫుజీఫిల్మ్‌వి ఆర్ఏఎఫ్, ఒలింపస్‌వి ఓఆర్ఎఫ్, పెంటాక్స్‌వి పీఈఎఫ్. ఇవన్నీ విడివిడి ఫార్మాట్లు, ఒకటి తెరిచే సాఫ్ట్‌వేర్ ఇంకొకటి తెరవాలన్న నియమం లేదు. కాబట్టి నడిచే వాక్యంలో మూడూ చిన్న అక్షరాలే సరైనవి. అడోబీ కూడా తన రచనల్లో సాధారణ నామంగా వాడినప్పుడు చిన్న అక్షరాలే పెడుతుంది. కెమెరా రా అన్న ప్లగిన్ పేరులో రా మాటకు ఆర్ ఒక్కటే పెద్దది, ఎందుకంటే అక్కడ అది ఒక ఉత్పత్తి పేరులో భాగం.

మూడు పెద్ద అక్షరాల అలవాటును జేపెగ్, టిఫ్‌ల పక్కన కూర్చోబెట్టే వరస తెచ్చింది. పట్టికలో అన్నీ పెద్దవిగా ఉండి ఇదొక్కటే చిన్నదిగా ఉంటే కంటికి ఎబ్బెట్టుగా ఉంటుంది. కెమెరా మెనూల్లోనూ పెద్దవే కనిపిస్తాయి. అయినా పుస్తకంలో చిన్న అక్షరాలే ఉంచమంటాను. సంక్షిప్త నామంలా రాసినంత కాలం చదివేవారు పూర్తి పేరు వెతుకుతూనే ఉంటారు. మీరు అడిగిన ప్రశ్నే అందుకు సాక్ష్యం.

ముద్రణప్రతి

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. ఒక సందేహం. "మెనూలో ఫలానాది ఎంచుకోండి" అని చెప్పే చోట కెమెరా తెరపై పెద్ద అక్షరాలు ఉన్నాయి. అక్కడ కూడా చిన్నవి చేయాలా? ఇంకోటి, చుక్క తర్వాత ఆ మూడక్షరాలే ఎక్స్‌టెన్షన్‌గా ఉన్న ఫైళ్లు కూడా ఉన్నాయని ఒక అధ్యాయంలో రాశారు. నిజమేనా?

అక్షరశుద్ధి

మెనూలోని మాట ఉటంకింపు లాంటిది. తెరపై ఎలా ఉందో అక్షరం మార్చకుండా అలాగే దించండి, చుట్టూ కోట్‌లు పెట్టండి లేదా బొద్దు అక్షరాల్లో వేయండి. చదివేవారు వేలు పెట్టి వెతికేది ఆ రూపం కోసమే. అదే పేరాలో మీ సొంత వాక్యం వచ్చేసరికి మళ్లీ చిన్న అక్షరాలకు రండి.

ఎక్స్‌టెన్షన్ సంగతి నిజమే. పానసోనిక్ ఆర్‌డబ్ల్యూ2కు మారకముందు కొన్ని కెమెరాల్లో ఆ మూడక్షరాలే ఎక్స్‌టెన్షన్‌గా పెట్టింది. ఫోటోషాప్‌లో ఫోటోషాప్ రా అనే ఫార్మాట్ వేరే ఉంది, దానికీ అదే ఎక్స్‌టెన్షన్. ఇది కెమెరా రాకు ఏమీ కాదు. హెడర్ (కొలతల వంటి వివరాలు ఉండే మొదటి భాగం) లేకుండా పిక్సెల్ విలువలను వరసగా పేర్చిన ఫైలు, తెరిచేటప్పుడు వెడల్పు, ఎత్తు, చానెళ్ల సంఖ్య మనమే చెప్పాలి. ఫోటో దాచుకోవడానికి పొరపాటున దీన్ని ఎంచుకున్నవారికి తర్వాత ఆ కొలతలు గుర్తులేకపోతే ఫైలు తెరవడమే కష్టం. ఒక పెట్టె కట్టి ఈ హెచ్చరిక వేయండి, చోటు వృథా కాదు.

మెమరీకార్డు

వెబ్‌సైటు ప్రశ్నకు జవాబు: సంబంధం ఉంది, దాదాపు ఖాయంగా కారణం అదే.

కెమెరా రాసే ఫైలు పేరు అంతా పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఎక్స్‌టెన్షన్‌తో సహా. తయారీదారుల ఇష్టాయిష్టాలతో వచ్చింది కాదది. డీసీఎఫ్ అనే ప్రమాణం ఉంది, 1998లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమ సంఘం తెచ్చింది. దాని ప్రకారం ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు: మొదటి నాలుగు పెద్ద అక్షరాలో అంకెలో అండర్‌స్కోరో, తర్వాతి నాలుగు 0001 నుంచి 9999 వరకు సంఖ్య. కార్డులో కనిపించే డీసీఐఎం ఫోల్డరు, దాని లోపల 100తో మొదలయ్యే ఫోల్డర్లు కూడా ఈ ప్రమాణం చెప్పినవే. అడోబీ ఆర్‌జీబీ అనే రంగుల పరిధిలో తీసిన ఫోటో పేరు అండర్‌స్కోరుతో మొదలవడం కూడా ఇందులోదే. ఆ గీతను అచ్చుతప్పు అనుకుని తీసేయకండి.

విండోస్‌లో మామూలుగా పెద్ద జేపీజీ, చిన్న జేపీజీ రెండూ ఒకటే. పేరు ఎలా రాస్తే అలా గుర్తుపెట్టుకుంటుంది గానీ వెతికేటప్పుడు తేడా చూడదు. మ్యాక్‌లోనూ డిస్కు మామూలు అమరికలో అంతే. లినక్స్ సర్వర్‌లో అవి రెండు వేర్వేరు పేర్లు. మీ పేజీలో చిన్న అక్షరాలతో లింకు ఇచ్చి, కెమెరా నుంచి వచ్చిన పెద్ద అక్షరాల ఫైలును ఎక్కించి ఉంటారు. ఇంట్లో కంప్యూటర్ సర్దుకుపోయింది, సర్వర్ సర్దుకోలేదు, ఫైలు దొరకలేదని చెప్పే 404 వచ్చింది.

సరిచేసే క్రమం ఇలా పెట్టుకోండి. వెబ్‌కు వెళ్లే ప్రతి ఫైలుకూ పేరు, ఎక్స్‌టెన్షన్ అన్నీ చిన్న అక్షరాలు, ఖాళీల బదులు హైఫన్లు. లైట్‌రూమ్ క్లాసిక్ ఎక్స్‌పోర్ట్ పెట్టెలో ఫైల్ నేమింగ్ భాగం కింద ఎక్స్‌టెన్షన్స్ అని ఉంటుంది, లోయర్‌కేస్ ఎంచుకోండి. ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లోని ఫైల్ హ్యాండ్లింగ్ కింద యూజ్ లోయర్ కేస్ ఉంటుంది. ఇప్పటికే ఎక్కించిన వాటిని సర్వర్‌లోనే పేరు మార్చండి, పాతదాని పక్కన కొత్తది ఎక్కిస్తే రెండూ మిగిలిపోతాయి. అలా మిగిలిన జంటను ఎప్పుడైనా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లోకి కాపీ చేస్తే, అక్కడ రెండు పేర్లూ ఒకటే కాబట్టి ఒకదాని మీద ఇంకొకటి పడే ప్రమాదం ఉంది.

ఫైళ్లలో మార్పులను నమోదుచేసే గిట్ వాడుతుంటే ఇంకో మెలిక. విండోస్, మ్యాక్‌లలో ఫైలు పేరులో అక్షరం సైజు మాత్రమే మార్చితే గిట్‌కు మార్పు కనిపించకపోవచ్చు. మీ దగ్గర చిన్న అక్షరాలు కనిపిస్తాయి, సర్వర్‌కు మాత్రం పాత పేరే వెళ్తుంది. గిట్ సొంత ఎంవి ఆదేశంతో పేరు మార్చండి. మొండికేస్తే ముందు పూర్తిగా వేరే పేరు పెట్టి, తర్వాత కావలసిన పేరుకు రండి.

రా ఫైళ్ల జోలికి మాత్రం ఈ సంస్కరణతో వెళ్లకండి. వాటి పక్కన ఎక్స్‌ఎంపీ సైడ్‌కార్ ఫైలు ఉంటుంది, మనం చేసిన దిద్దుబాట్లు అందులో ఉంటాయి. అడోబీ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌టెన్షన్ తీసేసి, ఫైలు అసలు పేరుకు ఎక్స్‌ఎంపీ తగిలిస్తుంది. రా ఫైళ్లు దిద్దే డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ అయితే ఎక్స్‌టెన్షన్‌తో సహా మొత్తం పేరు ఉంచి, దాని తర్వాత చుక్క పెట్టి ఎక్స్‌ఎంపీ చేరుస్తుంది. లినక్స్‌లో ఎన్ఈఎఫ్‌ను పెద్ద అక్షరాల నుంచి చిన్నవాటికి మార్చి సైడ్‌కార్‌ను వదిలేస్తే, డార్క్‌టేబుల్‌కు ఆ రెండింటికీ చుట్టరికం తెలియదు, దిద్దుబాట్లు మాయమైనట్టు కనిపిస్తుంది. పేరు మార్చక తప్పకపోతే ఆ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే మార్చండి.

బైట్లబుట్ట

ఫోటో ఫైలులోనే కెమెరా వివరాలను దాచే ఎక్సిఫ్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. అందరూ నాలుగూ పెద్ద అక్షరాలు పెడతారు, నిజానికి ప్రమాణ పత్రంలో ఇ ఒక్కటే పెద్దది, మిగతా మూడూ చిన్నవి. ఎక్స్‌ఛేంజబుల్ ఇమేజ్ ఫైల్ ఫార్మాట్ అన్న పేరులో ఎక్స్‌ఛేంజబుల్ నుంచి రెండు అక్షరాలు, ఇమేజ్ నుంచి ఒకటి, ఫైల్ నుంచి ఒకటి తీసుకున్నారు. తొలి కూర్పు 1995లో, 3.0 కూర్పు 2023లో వచ్చాయి. రుజువు కావాలంటే కెమెరా ఇచ్చిన ఏదైనా జేపెగ్ ఫైలును, బైట్లను చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. ఏపీపీ1 అనే భాగం మొదట్లో పెద్ద ఇ, చిన్న ఎక్స్, ఐ, ఎఫ్, వెంట రెండు సున్నా బైట్లు కనిపిస్తాయి. ఆ భాగంలో ఎంత సమాచారమున్నా 64 కిలోబైట్లు దాటలేదు, ఎందుకంటే దాని పొడవు రాసే చోటు రెండు బైట్లే. ఎక్సిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్ పేరులో ఇ, టి రెండూ పెద్దవి.

వెబ్‌పీలో డబ్ల్యూ, చివరి పీ పెద్దవి, మధ్యలో ఇ, బి చిన్నవి. గూగుల్ 2010లో ప్రకటించినప్పటి నుంచీ అంతే.

హెచ్ఈఐఎఫ్, హెచ్ఈఐసీ ఒకటి కావు. హెచ్ఈఐఎఫ్ ఒక డబ్బా. హై ఎఫిషియెన్సీ ఇమేజ్ ఫైల్ ఫార్మాట్ అని ఎంపెగ్ సంఘం రూపొందించింది. డబ్బాలో ఏ పద్ధతిలో కుదించిన బొమ్మ ఉందన్నది వేరే సంగతి. హెచ్ఈవీసీ పద్ధతిలో కుదించిన బొమ్మ ఉంటే దానికి హెచ్ఈఐసీ అని పేరు, 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్లలోకి వచ్చింది ఇదే. ఏవీ1తో కుదిస్తే ఏవీఐఎఫ్. మూడు పేర్లూ పూర్తిగా పెద్ద అక్షరాలే. కెనాన్, సోనీ, ఫుజీఫిల్మ్ కెమెరాలు హెచ్ఈఐఎఫ్ ఫైలుకు ఇ లేకుండా మూడక్షరాల హెచ్ఐఎఫ్ అనే ఎక్స్‌టెన్షన్ పెడతాయి. జేపెగ్‌లో ఇ రాలిపోయినట్టే ఇక్కడా రాలింది. అది ఎక్స్‌టెన్షన్ మాత్రమే, ఫార్మాట్ పేరుగా రాయకండి.

జేపెగ్ 2000, జేపెగ్ ఎక్స్ఎల్ అని రాసేటప్పుడు మధ్యలో ఖాళీ ఉండాలి. బిగ్‌టిఫ్‌లో ఖాళీ ఉండదు, బి పెద్దది, ఐ, జి చిన్నవి, తర్వాత టిఫ్ నాలుగూ పెద్దవి.

అక్షరశుద్ధి

బైట్లబుట్ట గారూ, ఎక్సిఫ్ గురించి మీరు చెప్పిన నిర్ణయం సరైనదే గానీ, ఫైలులోని బైట్లను రుజువుగా చూపడం దగ్గర జాగ్రత్త పడాలి. అదే కొలమానం వెబ్‌పీకి పెడితే తలకిందులవుతుంది. వెబ్‌పీ ఫైలు మొదట్లో ఆర్ఐఎఫ్ఎఫ్ అనీ, ఫైలులోని మొదటి ఎనిమిది బైట్ల తర్వాత వెబ్‌పీ అనీ ఉంటుంది. అక్కడ నాలుగు అక్షరాలూ పెద్దవే. హెచ్ఈఐసీ ఫైలులో ఆ గుర్తు నాలుగూ చిన్న అక్షరాల్లో ఉంటుంది. బైట్లను నమ్ముకుంటే వెబ్‌పీ అంతా పెద్దది, హెచ్ఈఐసీ అంతా చిన్నది అయిపోవాలి. ఫైలు లోపలి గుర్తు యంత్రం కోసం, పేరు మనుషుల కోసం. ఫార్మాట్‌ను తయారుచేసినవారు ప్రమాణ పత్రంలో నడిచే వాక్యంలో దాన్ని ఎలా రాశారో చూడండి, అదే ప్రమాణం.

బైట్లబుట్ట

ఒప్పుకుంటున్నాను, మీ మాటే సరి. ప్రమాణ పత్రమే ఆధారం, బైట్లు కావు.

ఈ సందర్భంలోనే పీఎన్‌జీ గురించి ఒక ముక్క. పేరులో మూడూ పెద్దవే, పూర్తి పేరు పోర్టబుల్ నెట్‌వర్క్ గ్రాఫిక్స్, 1996 నాటిది. కానీ ఆ ఫైలు లోపల అక్షరం సైజుకే అర్థం ఉంది. పీఎన్‌జీలో సమాచారం చంక్ అనే ముక్కలుగా ఉంటుంది, ప్రతి ముక్కకూ నాలుగక్షరాల పేరు. మొదటి అక్షరం పెద్దదైతే ఆ ముక్క లేనిదే బొమ్మ తెరవలేం, చిన్నదైతే అది అదనపు సమాచారం. రెండో అక్షరం పెద్దదైతే అందరికీ తెలిసిన ముక్క, చిన్నదైతే ఎవరో సొంతానికి పెట్టుకున్నది. మూడోది పెద్దదిగానే ఉండాలి. నాలుగోది చిన్నదైతే, ఆ ముక్క తెలియని సాఫ్ట్‌వేర్ కూడా బొమ్మను దిద్దాక దాన్ని కొత్త ఫైలులోకి యథాతథంగా తీసుకెళ్లవచ్చు. అందుకే పీఎన్‌జీలో ఎక్సిఫ్ ముక్క పేరు విచిత్రంగా చిన్న ఇ, పెద్ద ఎక్స్, పెద్ద ఐ, చిన్న ఎఫ్. మీ సాంకేతిక అధ్యాయంలో ఈ రూపం కనిపిస్తే అచ్చుతప్పు అనుకుని దిద్దేయకండి, అది ఉన్నదే అలా.

ముద్రణప్రతి

దిద్దేసి ఉండేవాళ్లమే. సరిగ్గా అదే రూపం 9వ అధ్యాయంలో ఉంది.

తెలుగు లిపి సంగతి మిగిలింది. జేపెగ్ అనాలా, జేపీఈజీ అనాలా? ప్రత్యయాలు ఎలా అతికించాలి?

నుడిగట్టు

ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు చేసే పనిని తెలుగులో వర్ణక్రమమే చేయాలి. మొదట చెప్పిన ఫార్మాట్, ఎక్స్‌టెన్షన్ తేడాను మనం ఇలా చూపించవచ్చు: ఫార్మాట్ పేరును పలికే మాటగా రాయండి, ఎక్స్‌టెన్షన్‌ను అక్షరాలు విడదీసి రాయండి. "జేపెగ్ ఫైలు", కానీ "డాట్ జేపీజీ". "టిఫ్ ఫైలు", కానీ "డాట్ టీఐఎఫ్". అప్పుడు చదివేవారికి ఏ వాక్యం దేని గురించో వెంటనే తెలుస్తుంది. మాటగా పలకలేనివి, ఎవరూ పలకనివి మాత్రం ఫార్మాట్ అయినా విడి అక్షరాలే: పీఎన్‌జీ, డీఎన్‌జీ, పీఎస్‌డీ, ఎక్స్‌ఎంపీ, హెచ్ఈఐసీ. పీఎన్‌జీని పింగ్ అని పలకాలని దాన్ని తయారుచేసినవారు రాశారు గానీ తెలుగులో పింగ్ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు.

మన లిపిలో ఇంకో సంగతి ఉంది. ఇంగ్లీషులో జి, ఐ, ఎఫ్ అని మూడక్షరాలు పెట్టి, గిఫ్ అంటారో జిఫ్ అంటారో చదివేవారికే వదిలేయవచ్చు. తెలుగులో రాసిన క్షణమే ఉచ్చారణ తేల్చేసినట్టు. కంప్యూసర్వ్ సంస్థలో 1987లో దాన్ని రూపొందించిన స్టీవ్ విల్‌హైట్ జిఫ్ అనే పలికేవారు. నా ఓటు జిఫ్‌కే. మీరు గిఫ్ పెట్టినా తప్పనను, కానీ పుస్తకంలో రెండూ కనిపించకూడదు.

రా మాటను ఎప్పుడూ ఒంటరిగా వదలకండి. "కెమెరాను రా మీద పెట్టండి" అన్న వాక్యంలో "రా" పిలుపులా వినిపిస్తుంది, "నువ్వు రాలో తీశావా" అంటే "రాలో" దగ్గర కన్ను తడబడుతుంది. రా ఫైలు, రా ఫార్మాట్, రా చిత్రం, ఇలా పక్కన ఒక నామవాచకం ఉంచి, ప్రత్యయాన్ని దానికే అతికించండి: "రా ఫైలులో", "రా ఫార్మాట్‌కు". మూలంలో మామూలు విశేషణమే కాబట్టి ఈ వాడుక దాని స్వభావానికీ సరిపోతుంది.

ప్రత్యయాల దగ్గర తరచూ జరిగే పొరపాటు వేరే ఉంది. జేపెగ్ పక్కన "లో" టైపు చేస్తే పొల్లు పోయి గ, ల కలిసి గ్లో అయిపోతుంది. టిఫ్ పక్కన "ను" పెడితే ఫ్ను. వీటిని విడిగా నిలబెట్టడానికి కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. వర్డ్‌లో ఆ సంఖ్యను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే అది చేరుతుంది. పొల్లు తర్వాత హల్లు వచ్చినప్పుడే దాని అవసరం. పొల్లు తర్వాత అచ్చు వస్తే, ఎన్ఈఎఫ్‌లో న్ తర్వాత ఈ వచ్చినట్టు, రెండూ వాటంతటవే విడిగా ఉంటాయి.

ఇది కనిపించదు కాబట్టి పుస్తకంలో సగం చోట్ల ఉండి సగం చోట్ల లేకపోవడం మామూలు. వెతికే పెట్టెకు అవి రెండు వేర్వేరు మాటలు. మార్పులు చేసేముందు 200సీ ఉన్న రూపాన్నీ లేని రూపాన్నీ విడివిడిగా వెతకండి, ఒక్కదాన్నే వెతికితే సగం తప్పులు మిగిలిపోతాయి.

ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచే చోట ప్రత్యయాన్ని ఖాళీ లేకుండా పేరుకే అతికించండి. ఖాళీ ఇస్తే "లో" ఒక్కటే కింది వరసకు జారిపోతుంది. ఎక్స్‌టెన్షన్‌కు మాత్రం నేరుగా అతికించవద్దు. చుక్కతో మొదలైన ముక్కకు "లో" తగిలితే ప్రత్యయం కూడా ఫైలు పేరులో భాగమనిపిస్తుంది. "ఎక్స్‌టెన్షన్‌తో", "ఎక్స్‌టెన్షన్ ఉన్న" అని సాగదీసినా పరవాలేదు.

అక్షరశుద్ధి

మూకుమ్మడిగా మార్చేటప్పుడు రెండు ఉచ్చులు ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లోని రా కోసం వెతికితే డ్రా, డ్రాయింగ్ లాంటి మాటల్లోని మూడక్షరాలు కూడా చిక్కుతాయి. అక్షరం సైజు చూడమనే గడికీ, పూర్తి పదమే పట్టమనే గడికీ టిక్ పెట్టండి. తెలుగు ప్రత్యయం అతికి ఉన్నచోట పూర్తి పదం గడి పని చేయకపోవచ్చు, వాటిని ఒక్కొక్కటిగా చూసుకుంటూ మార్చాల్సిందే. "అన్నీ మార్చు" బటన్ జోలికి వెళ్లవద్దు. మెనూ ఉటంకింపుల్లో ఉంచాల్సిన పెద్ద అక్షరాలు కూడా పోతాయి.

రెండోది శీర్షికల స్టైలు. లేఅవుట్‌లో శీర్షికలకు ఆల్ క్యాప్స్ పెట్టి ఉంటే వెబ్‌పీ, ఎక్సిఫ్, ఎస్ఆర్‌జీబీ (ఇదీ ఒక రంగుల పరిధి పేరే) మూడూ చదునైపోతాయి. కింద ఉన్న అక్షరాలు సరిగ్గానే ఉంటాయి, కనిపించేది మాత్రం తప్పు. అందుకే ప్రూఫులో ఎవరూ పట్టుకోలేరు. ఆ స్టైలు తీసేసి, కావలసిన పెద్ద అక్షరాలను టైపు చేయండి.

ఎస్ఆర్‌జీబీలో ఎస్ చిన్నది, వాక్యం మొదట్లో వచ్చినా చిన్నదే. అది ఇబ్బందిగా ఉంటే వాక్యాన్ని తిప్పి రాయండి గానీ ఎస్‌ను పెంచకండి. అడోబీ ఆర్‌జీబీ మధ్యలో ఖాళీ ఉంటుంది. పూర్తి పేరు చివర 1998 కుండలీకరణాల్లో ఉంటుంది. ప్రోఫోటోలో రెండు పీలూ పెద్దవి, ఖాళీ లేదు, తర్వాత ఖాళీ ఇచ్చి ఆర్‌జీబీ. ఫోటోషాప్, లైట్‌రూమ్ పేర్లలో మొదటి అక్షరం ఒక్కటే పెద్దది. మధ్యలో ఎస్‌నో ఆర్‌నో పెద్దది చేయడం చాలామంది చేసే తప్పు.

మెమరీకార్డు

ఫైలు సైజులు కూడా ఒకసారి చూడండి. ఇంగ్లీషులో ఎం పక్కన పెద్ద బీ ఉంటే మెగాబైట్, చిన్న బీ ఉంటే మెగాబిట్, రెండింటికీ ఎనిమిది రెట్ల తేడా. తెలుగులో ఎంబీ అని రాస్తే ఆ తేడా పూర్తిగా పోతుంది. కార్డు వేగం, ఇంటర్నెట్ వేగం ఒకే పేరాలో వచ్చే చోట మెగాబైట్లు, మెగాబిట్లు అని పూర్తిగా రాయండి.

ఇంకొకటి. ఎక్స్‌టెన్షన్ మార్చితే ఫార్మాట్ మారుతుందన్న భావన ఏ అధ్యాయంలోనూ రాకుండా చూడండి. హెచ్ఈఐసీ ఫైలుకు చివర జేపీజీ అని పేరు మార్చినా లోపల ఉన్నది హెచ్ఈఐసీయే. కొన్ని సాఫ్ట్‌వేర్లు లోపలి బైట్లు చూసి తెరుస్తాయి, కొన్ని ఎక్స్‌టెన్షన్‌ను నమ్మి ఫైలు పాడైందంటాయి. ఎన్ఈఎఫ్ లోపలి అమరిక టిఫ్ మీద ఆధారపడింది. దానికి టీఐఎఫ్ అని పేరు మార్చితే, కొన్ని సాఫ్ట్‌వేర్లలో అసలు ఫోటో బదులు లోపల దాచిన చిన్న థంబ్‌నెయిల్ మాత్రమే తెరుచుకుంటుంది. ఫోటో నాణ్యత పోయిందని కంగారుపడే సందర్భం ఇది. పేరు వెనక్కి మార్చితే సరిపోతుంది, కానీ ఈలోపు ఆ థంబ్‌నెయిల్‌ను అదే పేరుతో సేవ్ చేయకూడదు.

ముద్రణప్రతి

సర్వర్‌లో కనిపించని బొమ్మల పేర్లు చూశాం. ఒక్కటి మినహా అన్నింటికీ ఎక్స్‌టెన్షన్ పెద్ద అక్షరాల్లోనే ఉంది. మిగిలిన ఆ ఒక్కదానికి చిన్న అక్షరాలే ఉన్నా బొమ్మ రావడం లేదు. అది వెబ్‌పీ ఫైలు, సర్వర్ దాని రకాన్ని సాదా పాఠ్యంగా పంపుతోంది.

మెమరీకార్డు

అయితే అది అక్షరాల గొడవ కాదు, మైమ్ రకం (ఫైలు ఏ రకమో సర్వర్ బ్రౌజర్‌కు చెప్పే పేరు) గొడవ. సర్వర్ అమరికలో డాట్ వెబ్‌పీకి ఇమేజ్ స్లాష్ వెబ్‌పీ అనే రకాన్ని చేర్చండి. అక్కడే జేపెగ్ వరస కూడా చూడండి. నమోదైన రకం ఇమేజ్ స్లాష్ జేపీఈజీ, ఇ తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్‌లో ఇ లేకపోయినా ఇక్కడ ఉండాలి. ఇ లేని రూపం నమోదైన జాబితాలో లేదు, ఎవరైనా అలా రాసి ఉంటే ఈ చేత్తోనే దిద్దేయండి.